మన చేతిలో లేనిది

“ఇక్కడ సంతకం పెడితే చాలు అంకుల్,” అంటూ సాయి ప్రియ కాగితాన్ని భద్రయ్య ముందుకు జరిపింది.

భద్రయ్య పెన్ను అందుకోలేదు. “ఏం రాసినవో తెలుగుల చెప్పు బిడ్డా,” అన్నాడు.

సాయి ప్రియ, భద్రయ్య కూతురు భవిత కలిసి లా చదువుకున్నారు. మొన్నటిదాకా సాయి ప్రియ ఈ ఇంటికి స్నేహితురాలిగా వచ్చేది. ఇవాళ వకీలుగా వచ్చింది. గోడమీద భవిత ఫొటో. దానికి వేసిన దండ వైపు చూడలేక, అటు వీపు తిప్పి కూర్చుంది.

“దీన్ని ఫోర్స్ మజూర్ అంటరు అంకుల్. ఎవరూ ఊహించని, ఎవరూ ఆపలేని ఆపద వచ్చి సరుకు పంపలేకపోతే, అది మాట తప్పినట్టు కాదు. నష్టపరిహారం కట్టే పని లేదు. ఒప్పందం కూడా పోదు. ఈ నోటీసు పంపుమని మన పూలు కొనే దుబాయ్ వాళ్ళే అడిగిండ్రు. వాళ్ళు కూడా చాలా బాధపడుతున్నరు.”

భద్రయ్యది చేవెళ్లలో తండ్రి కాలం నాటి కిరాణా దుకాణం. ముడిమ్యాల దగ్గరున్న పొలంలో షెడ్లు వేసి గులాబీలు పెంచుదామన్న ఆలోచన మాత్రం కూతురిది. సిటీలో ప్రాక్టీసు పెట్టుకొమ్మంటే వినలేదు. దుబాయ్‌లో పూల వ్యాపారిని వెతికింది తనే. ఏడాది పొడుగునా పూలు పంపే ఒప్పందం కుదిర్చిందీ, అందులో ప్రతి క్లాజూ కూర్చుని రాసిందీ తనే. “విమానం ఎక్కేదాక పూల పూచీ మనది బాపు. ఎక్కినంక వాళ్ళది,” అని తండ్రికి పాఠం చెప్పేది. పప్పులు తూకం వేస్తూ ఆయన ఆ మాటే వచ్చిపోయేవాళ్ళకు చెప్పి మురిసిపోయేవాడు.

మొదటి సరుకు వెళ్ళాల్సిన సాయంత్రం కుండపోత వాన. డ్రైవరు జ్వరంతో పడుకున్నాడు. భవితే వ్యాను నడుపుకుంటూ శంషాబాద్ బయలుదేరింది. దారిలో వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది.

ముందు వ్యాను దొరికింది. ఆ తర్వాత భవిత దొరికింది. వాగు పొడవునా ముళ్ళకంపలకు చిక్కుకుని, ఇంకా వాడని ఎర్ర గులాబీలు.

“ఆపగలిగేదైతే?” అడిగాడు భద్రయ్య.

“ఏంది అంకుల్?”

“ఆ ఆపదను ఎవరన్న ఆపగలిగి ఉంటే, అప్పుడు ఈ క్లాజు పనికొస్తదా?”

“పనికిరాదు. కానీ వాగును ఎవరు ఆపుతరు అంకుల్?”

భద్రయ్య పెన్నును పక్కకు జరిపాడు.

లోపలి నుంచి భద్రయ్య భార్య అరుణాదేవి వచ్చింది. ఆ రోజు ఆమె శంకర్‌పల్లిలో చెల్లెలి ఇంట్లో ఉంది. తాను ఇంట్లో ఉండి ఉంటే బండికి అడ్డం పడుకునేదాన్నని, పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఏడుస్తూనే ఉంది.

“పెట్టుండ్రి సంతకం,” అంది. “అది మొండిది. పని అంటే వాన తెల్వదు, ఎండ తెల్వదు. ఎవ్వరి మాటన్న విన్నదా ఎన్నడన్న? మీరు వద్దంటే మాత్రం ఆగేదా?”

భద్రయ్య తల దించుకున్నాడు.

“సంతకం పెట్టకుంటే నష్టపరిహారం కట్టనీకి షెడ్లు అమ్మాలంట. పిల్లలెక్క పెంచింది ఆ చెట్లను. అవన్న మిగలనియ్యరా నాకు?”

గడప దగ్గర ప్రేమమ్మ నిలబడి ఉంది. షెడ్లలో పూలు కోసి కట్టలు కట్టే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. “సేటూ, మా అందరి బువ్వ ఆ షెడ్ల మీదనే ఉన్నది,” అంది కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. “బిడ్డ కోసం రోజూ ప్రార్థన చేస్తున్న. దేవుని చిత్తాన్ని ఎవ్వరు తప్పిస్తరు? కాగితంల కూడా అదే రాసిండ్రంట గద.”

“దేవుని మీద పెట్టొద్దు!”

భద్రయ్య గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎన్నడూ వినపడలేదు. అరుణాదేవి ఉలిక్కిపడింది. ప్రేమమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

సాయి ప్రియ మెల్లగా అంది. “మీ బాధ నాకు అర్థమైతున్నది అంకుల్. బిడ్డ చావును సాకు చేసుకున్నట్టు అనిపిస్తున్నది మీకు. కానీ ఇది సాకు కాదు, నిజం. దుబాయ్ వాళ్ళు అవసరం లేదన్నా, పట్టుబట్టి ఈ క్లాజు పెట్టించింది భవితనే. రేపు మా బాపుకు ఏ కష్టం రావొద్దు అన్నది నాతోని.”

భద్రయ్య కళ్ళు మూసుకున్నాడు. కాగితాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

“షెడ్లు అమ్ముత. కొనేటోళ్ళతోని మాట్లాడి, ప్రేమమ్మ వాళ్ళను పనిలనే ఉంచుకునేటట్టు రాయించు. ఈ సంతకం మాత్రం నాతోని కాదు బిడ్డా.”

అరుణాదేవి ఉన్నచోటే కూలబడింది. “కన్నబిడ్డ కన్న, దుబాయ్ వాళ్ళకు ఇచ్చిన మాటే ఎక్కువైందా మీకు?”

ఆయన లేచాడు. వెళ్ళి ఫొటో ముందు నిలబడ్డాడు. దండ సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వాన తగ్గేదాక బండి తియ్యొద్దు బాపు, ఈ క్లాజు ఉన్నదే ఇట్లాంటిదానికి, ఒక్క నోటీసు పంపుదామని ఆ సాయంత్రం భవిత ఎంత బతిమాలినా, మొదటి సరుకే ఆగితే పరువు పోతుందని కసిరి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి పంపింది భద్రయ్యే.