రేసు ఎత్తేసిన ఊరు

రేసు కార్లకు టైర్లు బిగించే మెకానిక్, కూతురికి ఫోన్ చేశాడు. భార్య నుంచి విడిపోయాక, ఏటా రేసు వాళ్ల ఊరికి వచ్చినప్పుడే అతను పిల్లను చూసేది.

“ఈసారి కుదరదమ్మా. మీ ఊళ్లో రేసు ఎత్తేశారు. ట్రాక్ పాతబడిపోయిందట. సముద్రం అవతల కొత్త దేశంలో ఇంతకంటే పెద్దది కట్టారు, జనం ఎగబడుతున్నారు. ఇక ఏటా అక్కడే.”



“రేసు లేకపోతే ఏం నాన్నా? నువ్వు రా.”

“రేసే లేనప్పుడు నేనెందుకొస్తాను తల్లీ?” అని నవ్వేశాడు. అనేశాక గానీ ఆ మాట అతని చెవిన పడలేదు.



“నువ్వు నా కోసం వస్తుంటే, ఆ కార్లన్నీ నీ వెంట వస్తాయని బళ్లో అందరికీ చెప్పాను నాన్నా.”