రెండు ముక్కులు, ఒక పుదీనా కుండీ

జ్వరం వదిలింది గానీ, పోతూ పోతూ మా వదినకి వాసన తెలిసే శక్తిని కూడా వెంటబెట్టుకుపోయింది. ఆవిడ పెద్ద హోటల్లో వంట మాస్టరు. రెండు నెలల్లో ముక్కు దారికి రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటామన్నారు హోటలు వాళ్లు.

రోజూ ఘాటైన ఆకొకటి నలిపి, కళ్లు మూసుకుని వాసన చూడమన్నాడు డాక్టరు. ఆ మహత్కార్యానికి నేను నడుం కట్టాను. పుదీనా కట్ట కొని, ఆకులు దూసి, కాడలు నా గది కిటికీలో కుండీలో గుచ్చాను. వారం తిరిగేసరికి కాడలన్నీ తలలు వాల్చేశాయి. అయినా పట్టు వదలక నీళ్లు పోశాను. మూడో వారానికి కుండీ పచ్చగా కళకళలాడింది. నా చేతి చలవ అలాంటిది!

నాకు పుట్టినప్పటి నుంచీ జలుబే. నా ముక్కు కళ్లజోడు నిలబెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. కాబట్టి పరీక్ష భారమంతా వదినదే.

"కళ్లు మూసుకో వదినా."

"మూసుకున్నా, కానివ్వు."

"ఏమన్నా తెలిసిందా?"

"నీ వేళ్లు చల్లగా ఉన్నాయని తెలిసింది."

ఇలా నెల రోజులు. గడువు రేపటితో తీరుతుందనగా, పొద్దున్నే ఆకు నలిపి పట్టాను. వదిన నా చెయ్యి విదిలించి కొట్టింది.

"ఛీ! ఇది పుదీనా అని ఎవరు చెప్పారయ్యా నీకు? ఒట్టి కలుపు మొక్క! పచ్చి గడ్డి కంపు! ఇన్నాళ్లూ నా ముక్కు కింద పెట్టింది దీన్నా, మరిదిగారూ?"

అంటూనే ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఇంకోసారి తిట్టు వదినా," అన్నాను.