పీపా మీద ప్రభావతి

ఆ కాలానికి ప్రతి మగ్గాల షెడ్డులోనూ నడుము సాగదీసుకునే ఒక పిలాటీస్ పీపా వచ్చేసింది. దాని మీద వెనక్కి వాలితే, వెన్ను ఓర్చుకునే హద్దు రాగానే పీపాయే "చాలు" అనేది. నేత నేసి గూనిబడ్డ ప్రభావతికి, ఆర్నెల్లలో నడుము సాగకపోతే మగ్గం దిగాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. అయినా ఆమె తొందరపడలేదు. పీపా "చాలు" అనగానే రోజూ ఆగి లేచేది.

"అంత భయమేంటి వదినా?" అని నవ్వేది పక్క మగ్గం సుగుణ. తను మాత్రం "చాలు" అన్నా వినక మొండిగా ఇంకాస్త వాలి, వారమేసి రోజులు మంచం పట్టేది.

గడువు చివరి రోజున ప్రభావతి ఊపిరి వదులుతూ మెల్లగా వాలింది. పీపా ఏమీ అనలేదు. తల మీదుగా వెనక్కి చాచిన ఆమె అరచేతులు నేలకు ఆనాయి. పీపా పాడైందేమోనని సుగుణ కంగారుగా లేపబోయింది.

"ఉండవే, ఇన్నేళ్లకి గుండెల నిండా గాలి ఆడుతోంది."

సుగుణ ఆమె పక్కన చతికిలబడింది. "నాకూ నేర్పు వదినా," అంది.