మౌనదీపం

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ బడివాళ్లిచ్చిన మౌనదీపం ఉంది. పిల్లలు చదువుతుంటే పెద్దలు ఆగలేక జవాబు చెప్పేశారో, అది ఎర్రగా వెలుగుతుంది. ఇంకొక్కసారి వెలిగితే హైమవతి ఆదివారం ఒకటో తరగతి బెంచీ మీద కూర్చుని నోరు మూసుకోవడం నేర్చుకోవాలి.

సాయంత్రం కూతురు తన్మయి పుస్తకం తెరిచింది. "అమ్మమ్మ పెరట్లో గో... గొం... గోం..."

రోజూ కంచంలో ఉండేదే! హైమవతి కొంగు నోట్లో కుక్కుకుంది.

"పెళ్లయ్యాక నిన్నింత నిశ్శబ్దంగా ఎప్పుడూ చూళ్లేదోయ్," అన్నాడు భర్త ప్రభాకరం. ఆవిడ కళ్లతోనే కాల్చేసింది.

"గోంగు... గోంగు..."

"గోంగూర!" అని అరిచింది దీపం. ఆనక నాలిక్కరుచుకున్నట్టు తనే ఎర్రగా వెలిగింది.

"నువ్వుండు! నేను చదువుతున్నాగా," అని కసిరి తన్మయి మళ్లీ మొదలెట్టింది. "అమ్మమ్మ పెరట్లో గోంగూర కోసి, వెల్లుల్లి వేసి, పచ్చడి నూరింది!"

ఒక్కరూ అందించకుండా 'వెల్లుల్లి'! హైమవతి కొంగు లాగేసి పిల్లని ముద్దులతో ఉక్కిరిబిక్కిరి చేసింది.

దీపం గొంతు సవరించుకుంది. "అమ్మగారూ, ఈ ఎరుపు నాదే. ఆదివారం బడికి నేనే వెళ్లాలి."

"వెళ్లు నాయనా," అంది హైమవతి. "క్యారేజీ కట్టిస్తాను."