నడిచొచ్చేవాళ్ల దుకాణం

"ఆరు కార్లు పట్టే జాగా పెట్టుకుని అన్ని బల్లలేస్తే, వచ్చేవాళ్ల బళ్లన్నీ ఎక్కడ పెట్టాలండీ? నా నెత్తిమీదా?" మైకు ముందు నిలబడి హార్లన్ గట్టిగానే అడిగాడు.

టౌన్‌హాల్లో నవ్వులు. ముందు వరుసలో నోరీన్ మాత్రం నవ్వలేదు. నిటారుగా కూర్చుని తన వంతు కోసం చూస్తోంది. డోనట్ల దుకాణం ఆమెదే. పక్క గది కూడా తీసుకుని కొత్తగా బల్లలు వేసింది. అన్ని బల్లలున్న దుకాణానికి పద్నాలుగు కార్ల జాగా ఉండాలని ఊరి రూలు. ఆమెకు ఆ రూలు నుంచి మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది ఈ సాయంత్రం ఊరి బోర్డు తేల్చాలి. ఇవ్వకపోతే బల్లలు తీసెయ్యాలి. బల్లలు తీసేస్తే దుకాణానికి తాళం వేసుకోవడమే. ఆ తాళం వెయ్యనని నోరీన్ పంతం.

"పొద్దున్నే తలుపు తీస్తే నా కారు బయటికి రాకుండా ఎవడిదో బండి అడ్డం" అన్నాడు హార్లన్. అతనిది దుకాణం పక్కిల్లే. "మొన్న పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. లోపలికెళ్లి అడిగితే ఒకాయన, 'కాఫీ తాగేసి తీస్తాలే' అన్నాడు. ఆ కాఫీ ఎంతకీ అవదే!"

"ఈలోగా పన్ను నొప్పి తగ్గిపోయుంటుందిలే!" వెనక నుంచి ఎవరో అందుకున్నారు.

"నీ పన్నయితే తెలిసేది నీకు!"

చైర్మన్ డెల్బర్ట్ చెక్కసుత్తితో బల్లమీద కొట్టాడు. "చాల్చాలు. నువ్వు కూర్చోవయ్యా హార్లన్. ఏమ్మా నోరీన్, నీ మాటేమిటి?"

నోరీన్ లేచింది. రాసుకొచ్చిన కాగితం చేతిలో ఉన్నా దానివైపు చూడలేదు. "హార్లన్ గారికి ఒకటి రెండుసార్లు ఇబ్బంది కలిగింది, కాదనను. ఎవరో పొరుగూరి వాళ్లు పెట్టి ఉంటారు. కానీ రోజూ నా దగ్గరికొచ్చేది ఎవరండీ? చుట్టుపక్కల వీధులవాళ్లే కదా. కబుర్లు చెప్పుకుంటూ నడిచొస్తారు, నడిచి వెళ్తారు. నడిచొచ్చేవాళ్లకి కార్ల జాగా ఎందుకు?"

"నడిచొస్తారని నువ్వంటే సరిపోతుందా అమ్మా? సాక్ష్యం ఏదైనా ఉందా?"

"కాస్త తలెత్తి చూడండి చైర్మన్ గారూ."

డెల్బర్ట్ తలెత్తి చూశాడు. కుర్చీలన్నీ నిండిపోయి, మిగిలినవాళ్లు గోడల పొడుగునా నిలబడ్డారు. వారం నుంచి నోరీన్ కాఫీ కెటిల్ పట్టుకుని బల్ల బల్లకీ తిరిగి, మీరు రాకపోతే ఇంక ఈ బల్ల ఉండదని చెప్పి మరీ రప్పించింది. ఆమె మాట ఒక్కరూ తీసెయ్యలేదు.

ముందు ఎస్తెర్ టీచరమ్మ లేచింది. "మా ఇల్లు రెండు వీధుల అవతల. రోజూ నడిచే వెళ్తాను. ఈ వయసులో నా మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నాయంటే ఆ నడక చలవే."

తర్వాత ఒకప్పటి పోస్ట్‌మాన్ క్లైడ్ వచ్చాడు. "నేనూ నడకేనండీ. ఆ డోనట్లు తిని నడవకపోతే ఈ పొట్ట ఇంకా పెరగదూ?"

"ఇంకా పెరగడానికి జాగా ఎక్కడుందిరా నాయనా! దానికీ మినహాయింపు అడుగు!" అంది ఎస్తెర్. హాలు గొల్లుమంది.

ఇక వరసపెట్టి లేచారు. మంగలి షాపాయన నడుస్తానన్నాడు. కవలపిల్లల తల్లి తోపుడుబండిలో పిల్లల్ని తోసుకుంటూ వెళ్తానంది. చర్చి పాస్టరు గారైతే నడక దేవుడిచ్చిన వరమని చిన్న ప్రసంగమే చేశారు. ఒక్కొక్కరు మాట్లాడుతున్న కొద్దీ హార్లన్ కుర్చీలో కుంచించుకుపోయాడు. పాపం, అతని పక్క కుర్చీలవాళ్లు కూడా కాస్త ఎడంగా జరిగి కూర్చున్నారు.

డెల్బర్ట్ అటూ ఇటూ ఉన్న సభ్యులతో గుసగుసలాడాడు. అందరూ తలలూపారు.

"ఊరంతా ఒక్క మాట మీద ఉంటే మేం మాత్రం ఏం చేస్తాం? నడిచే ఊరికి కార్ల లెక్క ఎందుకు? ఓటింగు పెట్టేద్దాం. మినహాయింపు ఇవ్వాలనేవాళ్లు..."

నోరీన్ రెండు చేతులూ గట్టిగా బిగించుకుంది. గెలిచేశానన్న సంతోషంతో కళ్లు చెమర్చాయి.

సభ్యుల చేతులు సగం లేచాయో లేదో, వెనక తలుపు తోసుకుని పోలీసు ఒకతను లోపలికొచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి చైర్మన్ గారూ. బయట వీధికి రెండు పక్కలా కార్లే. చర్చి ముందు గడ్డిమీద కూడా పెట్టేశారు. ఫైరింజను షెడ్డులోంచి బయటికి రావడానికి దారి లేదు. ఎవరివి వాళ్లు వచ్చి తీసెయ్యాలి, ఇప్పుడే."

ఎస్తెర్ టీచరమ్మ కిటికీవైపు చూసింది. క్లైడ్ పైకప్పువైపు చూశాడు.

"వింటున్నారా? ఇప్పుడే అన్నాను!" గొంతు పెంచాడు పోలీసు.

ఎక్కడో ఒక తాళంచెవుల గుత్తి గలగలమంది. తర్వాత ఇంకొకటి. టీచరమ్మ ఆ మోకాళ్లతోనే అందరికన్నా ముందు గుమ్మం దాటింది. వెనకాలే క్లైడ్, మంగలి షాపాయన, తోపుడుబండితో తల్లి, పాస్టరు గారు. గోడలవారన నిలబడ్డవాళ్లు కూడా ఒకర్నొకరు తోసుకుంటూ బయటికి నడిచారు. నోరీన్ గట్టిగా కళ్లు మూసుకుంది. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు. "ఎవరూ ఇళ్లకి వెళ్లిపోకండి! కార్లు తీసేసి మళ్లీ రండి!" అని వాళ్ల వెనక నుంచి అరిచింది. అరిచి, సంచీలోంచి తన తాళంచెవులు తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా తనూ బయటికి పరుగెత్తింది.

హాలు ఖాళీ అయిపోయింది. సగం ఎత్తిన చేతులు దించుకుంటూ బోర్డు సభ్యులు, వాళ్ల ఎదురుగా కుర్చీలో హార్లన్ మిగిలారు.

"ఇంకా కూర్చున్నావేమయ్యా హార్లన్?" డెల్బర్ట్ విసుక్కున్నాడు. "వెళ్లి నువ్వూ నీ బండి తియ్యి!"

"నేనా?" అన్నాడు హార్లన్. "నడిచొచ్చానండీ."