పైకి చదవాల్సిన పేరు

“పూజలో ప్రార్థన కోసం పేర్లు చదవడం ఆపేశామమ్మా. బిషప్పుగారి దగ్గర్నుంచి ఉత్తరువు వచ్చింది,” అన్నాడు ఫాదర్‌గారికి సాయంగా ఉండే ఉపదేశి, ఆమె చాపిన చీటీ అందుకోకుండానే.

ఆదివారం పూజకు ఇంకా అరగంట ఉంది. చర్చి పక్కనున్న ఆఫీసు గదిలో కొవ్వొత్తుల డబ్బాలు, పాత పాటల పుస్తకాల మధ్య ఒకే కుర్చీ ఉంది. అందులో ఆయనే కూర్చున్నాడు. ఆమె పాపను ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. చీటీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

“ఎందుకు ఆపేశారండీ?”

“ఎందుకేమిటి? ప్రసంగం కన్నా పేర్ల జాబితాయే పొడుగైపోయింది. ఇళ్ళల్లో కూర్చుని ఫోన్లో పూజ చూసేవాళ్ళు, పేర్లు మొదలవగానే కట్టేసి టిఫిన్లకు లేస్తున్నారట! ఇకమీదట అన్నీ తెర మీద వేస్తాం. ఇటివ్వు, చుట్టూ పువ్వుల బొమ్మ పెట్టి మరీ వేయిస్తాను.”

“తెర మీద వద్దండీ. ఫాదర్‌గారు పైకి చదవాలి.”

“తెర మీదుంటే దేవుడికి కనపడదా ఏం?”

“దేవుడికి కనపడుతుందండీ. కానీ వినపడాలి కదా.”

“ఎవరికి?”

ఆమె జవాబిచ్చే లోపల సంచిలో ఫోన్ మోగింది. పాపను ఒక చేత్తో పట్టుకుని, ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. భర్త గొంతు ఉపదేశికి కూడా వినపడుతోంది.

“పాప పాలు తాగిందా? జ్వరం మళ్ళీ రాలేదుగా? దగ్గు మందు వేశావా?”

“వేశానండీ. నాకే కాస్త...”

“సరే సరే, డ్యూటీకి టైమైంది. పాప జాగ్రత్త.”

అవతల ఫోన్ పెట్టేసినా ఆమె కాసేపు దాన్ని అలాగే చెవికి ఆనించి ఉంచుకుంది.

ఉపదేశి కొంచెం మెత్తబడ్డాడు. “చూడమ్మా, పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ, అంటే బతికున్నవాళ్ళవి, చదవమంటే ఫాదర్‌గారు ససేమిరా అంటారు. మధ్యలో తిట్లు తినేది నేను. పోయినవాళ్ళదైతే, అదీ ఏడాది లోపలైతే, ఒక్క పేరు చదవమని బతిమాలొచ్చు. నీది ఎవరి కోసం?”

ఆమె తలుపు వైపు చూసింది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాడాయన.

“పోయిందనే రాసుకోండి,” అంది.

ఉపదేశి అప్పుడు చీటీ అందుకున్నాడు. కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. “పేరు బాగుందే. వయసెంత?”

“ఇరవై నాలుగు.”

“అయ్యయ్యో! ఏం జబ్బు?”

“జబ్బేం లేదండీ. పాప పుట్టాక...”

“కాన్పులోనా!” రాస్తున్న పెన్ను ఆగిపోయింది. ఆయన చూపు ఆమె భుజం మీద నిద్రపోతున్న పాప మీద వాలింది. “అంటే... ఆ పాప ఈ పాపేనా?”

ఆమె తలూపింది.

“బాగా దగ్గరి మనిషా?”

“చిన్నప్పట్నుంచీ తెలుసండీ. పాటలు బాగా పాడేది, పుస్తకం చూడకుండా. నవ్విందంటే వెనక బెంచీ దాకా వినపడేది. మా పుట్టింటి ఊళ్ళో ఫాదర్‌గారు ప్రసంగం ఆపి, పేరు పెట్టి కోప్పడేవారు.” ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

ఉపదేశి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “ఇంకొకరి బిడ్డను నీ బిడ్డలా సాకుతున్నావు. మాటలా అది! నువ్వెళ్ళి కూర్చో తల్లీ. ఫాదర్‌గారి కాళ్ళు పట్టుకునైనా చదివిస్తాను.”

“అది కాదండీ...” అని ఆమె ఏదో చెప్పబోయింది. కానీ చెప్పులు టపటపలాడించుకుంటూ ఆయన అప్పటికే వరండా దాటేశాడు.

చంటిపిల్లల తల్లులకు చర్చి వెనక అద్దాల గది ఉంది. పాప పుట్టిన దగ్గర్నుంచీ ఆమె అక్కడే కూర్చుంటోంది. అందులో స్పీకరు ఎప్పుడో మూగబోయింది. ఫాదర్‌గారి పెదాలు కదలడం కనపడుతుంది, అంతే. ఇవాళ ఆ గది దాటుకుని వచ్చి మూడో బెంచీలో, జపమాల తిప్పుకుంటున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చుంది. పాప కుయ్యిమన్నప్పుడల్లా నోటికి వేలందించింది. ముందు బెంచీలోంచి ఒకాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అయినా లేవలేదు.

విశ్వాసుల ప్రార్థన వచ్చింది. పోపుగారి కోసం, వానల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం వేడుకున్నారు. తర్వాత ఫాదర్‌గారు జేబులోంచి చీటీ తీశారు.

“ఇవాళ ఒక్క పేరు చదువుతున్నాను. బిడ్డను కని కన్నుమూసిన మన సోదరి...”

మైకులో నిదానంగా, ఒక్క అక్షరం మింగకుండా చదివారు. పేరు పైకప్పు దాకా వెళ్ళి, తిరిగి బెంచీల మీదికి దిగినట్టయింది.

“ప్రభూ, మా ప్రార్థన ఆలకించండి,” అంది చర్చి మొత్తం. ఆమె ఒక్కతే అనలేదు. కళ్ళు మూసుకుని, పాప తలకు చెంప ఆనించి కూర్చుండిపోయింది.

పూజ ముగిసింది. జనం బయటికి నడిచారు. పక్కనున్న పెద్దావిడ మాత్రం కదల్లేదు. ఆమె చేయి అందుకుని, “ఫాదర్‌గారు చదువుతున్నంతసేపూ నిన్నే చూస్తున్నానమ్మా. పాపం, ఎంత ఏడ్చావో! నీకేమవుతుంది ఆ అమ్మాయి?” అంది.

ఆమె చుట్టూ చూసింది. బెంచీలన్నీ ఖాళీ.

“నేనేనండీ మామ్మగారూ,” అంది మెల్లగా. “పాప పుట్టాక నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు... మీరు ఇంకొక్కసారి పిలవరూ?”