ఒక్క సమాధి లేని ఊరు

“అయ్యా, ఆ పెట్టె దిగండి.”

మారిట్ అనేసరికే గవర్నర్ గారు పేడ బూట్లతో పెట్టె ఎక్కేశారు. పశువుల కొట్టంలో గోడవార మూడు దేవదారు పెట్టెలున్నాయి. ఆయనకు అన్నిటికన్నా చిన్నదే నచ్చింది.

“ఏముందమ్మా ఇందులో, కోడిగుడ్లా?”

“విత్తనాలండీ! మీరు కానివ్వండి,” అని మొగుడు హాల్వర్ ఆమె రెక్క పట్టుకుని పక్కకు లాగాడు.

“దింపవయ్యా ఆయన్ని,” అంది మారిట్.

“నోరెత్తకు. కొత్తగా వచ్చిన ఈ ఇరవై కుటుంబాలూ ఇక్కడే ఉంటామని సంతకాలు పెడితేనే మనూరికి డాక్టర్ని పంపుతాడాయన. ఇంట్లో మన పిల్లాడు నిల్స్ గొంతు ఎలా ఉందో చూశావుగా? వాడు దక్కాలా, వద్దా?”

ఆమె పెట్టె వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

గవర్నర్ గారు అందుకున్నారు. “డకోటా గాలి అంటే మందండీ! ఈ ఊరు పుట్టి ఏడాది. చలికాలం గడిచిపోయింది. ఊరంతా తిరిగారుగా, ఎక్కడైనా ఒక్క సమాధి కనబడిందా?”

కొత్తవాళ్లు చప్పట్లు కొట్టారు. ఊరివాళ్లు నేల చూపులు చూశారు.

కొత్తవాళ్లలో ఒకాయన తలుపు దగ్గరున్న గునపం ఎత్తి చూశాడు. “మొన విరిగిందేంటండీ? నేల అంత గట్టిదా?”

“మార్చిలో మంచుకు గడ్డకట్టి అంతే. ఏప్రిల్ రానీండి, వెన్నలా తెగుతుంది,” అన్నారు గవర్నర్ గారు. ఆ మాట వరకు నిజమే.

ఒహాయో నుంచి వచ్చిన ఆవిడ, కూతురి చెయ్యి పట్టుకుని మారిట్ దగ్గరికి వచ్చింది. పిల్లకు ఆరేళ్లుంటాయి. ముందు పన్ను ఊడింది.

“మగాళ్ల మాటలు నేన్నమ్మను. నువ్వు చెప్పు వదినా. నీకెంతమంది పిల్లలు?”

“ఇద్దరు.”

“ఇక్కడి గాలి పడిందా వాళ్లకి?”

మారిట్ ఆ పిల్ల బోసి నవ్వు చూసింది. ఇంట్లో గురగురలాడుతున్న కొడుకు గొంతు గుర్తొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

“పడిందమ్మా. బాగానే పడింది.”

ఆవిడే ముందు వెళ్లి సంతకం పెట్టింది. ఆమె వెనకాల మిగతా పంతొమ్మిది మందీ పెట్టారు. గవర్నర్ గారు పెట్టె దిగి, డాక్టరు వారంలో వస్తాడని హాల్వర్ భుజం తట్టారు. అందరూ భోజనాలకు కదిలారు.

కొట్టం ఖాళీ అయ్యాక మారిట్ చిన్న పెట్టె పక్కన కూలబడింది. బూటు అచ్చులను తన గౌను అంచుతో మెల్లగా తుడిచింది.

“తమ్ముడి కోసమే ఆ మాటన్నాను. ఇంకొక్క నెల ఓర్చుకో బెరిట్ తల్లీ, నేల కరగ్గానే నీకు గొయ్యి తవ్విస్తాను.”